డోపింగ్‌లో దొరికిన బేస్‌బాల్ ఆటగాడికి మళ్లీ అవకాశం ఇవ్వాలా?

మీరు రెండు విషయాలు అడిగారు. మూడుసార్లు స్టెరాయిడ్లతో దొరికి జీవితకాల నిషేధం పడ్డ న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) హెన్రీ మెహియాను లీగ్ అధిపతి అయిన కమిషనర్ మళ్లీ ఆటలోకి రానివ్వడం న్యాయమేనా అన్నది ఒకటి. హైస్కూల్ టీమ్‌లో ఆడుతున్న మీ అబ్బాయి, డోపింగ్‌లో దొరికిన శాన్ డియేగో పాడ్రెస్ ఆటగాడు ఫెర్నాండో టాటీస్ జూనియర్ జెర్సీ వేసుకుని తిరుగుతుంటే తండ్రిగా ఏం చెప్పాలన్నది రెండోది. నేను న్యూజెర్సీలో స్కూలు, కాలేజీ ఆటగాళ్లకు అథ్లెటిక్ ట్రైనర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. భుజాలకు, మోచేతులకు పట్టీలు వేయడం నా పని. కండ ఎలా పెరుగుతుందో, ఎంత తొందరలో పెరిగితే అనుమానించాలో కొంత తెలుసు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అవకాశం ఇవ్వాలి. మొదటిసారి దొరికినవాడికి తప్పకుండా ఇవ్వాలి, మెహియా లాంటివాడికీ ఇవ్వాలి. అయితే మైదానంలోకి రానివ్వడం వేరు, మోసంతో సంపాదించిన డబ్బునూ చోటునూ అలాగే ఉంచుకోనివ్వడం వేరు. మేజర్ లీగ్ బేస్‌బాల్ ఈ రెంటినీ ఒకే మూట కట్టేసింది. నాకు కోపం అక్కడ.

శిక్షలు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. 2003లో పేర్లు లేకుండా ఆటగాళ్లందరికీ పరీక్షలు చేశారు. 5 శాతం కంటే ఎక్కువ మంది దొరికితేనే అసలు పరీక్షలు మొదలుపెట్టాలని ఒప్పందం. దొరికారు. 2005లో మొదటిసారి దొరికినవాడికి శిక్ష 10 రోజులు, అంతే. జనం ఉమ్మేశారు, అమెరికన్ కాంగ్రెస్ పిలిచి నిలదీసింది. 2006 నుంచి మొదటిసారికి 50 ఆటలు, రెండోసారికి 100, మూడోసారికి జీవితకాలం. 2014లో దాన్ని 80, 162, జీవితకాలంగా పెంచారు. సీజన్ మొత్తమే 162 ఆటలు. ఆడని రోజులకు జీతం ఉండదు, ఆ ఏడు ప్లేఆఫ్స్ ఉండవు. తిరిగొచ్చాక కూడా, మేజర్ లీగ్‌లో ఉన్నన్నాళ్లూ ఏటా చెప్పకుండా వచ్చి ఆరుసార్లు మూత్రం, మూడుసార్లు రక్తం అదనంగా తీసుకుంటారు. ఇది చాలామందికి తెలియదు.

ఒలింపిక్ క్రీడల్లో కావాలని స్టెరాయిడ్ వాడితే మొదటిసారే నాలుగేళ్లు. దాంతో పోలిస్తే 80 ఆటలు తక్కువే. కానీ జీవితకాల నిషేధం అన్నమాట దగ్గర మీరు పొరపడ్డారు. ఆ నిబంధనలోనే ఏడాది తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చని, కనీసం రెండేళ్లు బయట ఉన్నాక కమిషనర్ తన విచక్షణతో రానివ్వచ్చని రాసి ఉంది. యజమానులూ ఆటగాళ్ల సంఘమూ కలిసి సంతకం చేసిన కాగితం అది. 2018లో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ మెహియాకు ప్రత్యేకంగా మేలు చేయలేదు, ఉన్న తలుపు తీశాడు.

మెహియా కథ కొంచెం వివరంగా చెప్పాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టాడు. బూట్లు పాలిష్ చేసి డబ్బులు తెచ్చేవాడు, 15 ఏళ్లు వచ్చేదాకా బేస్‌బాల్ జోలికే పోలేదు. 20 ఏళ్లకే, 2010లో మెట్స్‌కు ఆడాడు. 2014లో క్లోజర్‌గా, అంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చి ఆటను ముగించే పిచ్చర్‌గా, 28 సేవ్‌లు, అంటే 28సార్లు టీమ్ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాడు. చివరి బ్యాటర్‌ను అవుట్ చేయగానే మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) మీద కాళ్లు తాటించి చిందులేసేవాడు. మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్‌లో జనం దాని కోసమే ఎదురుచూసేవాళ్లు. 2015 ఏప్రిల్‌లో స్టానజొలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడు, 80 ఆటలు. జులైలో తిరిగొచ్చి ఏడంటే ఏడు ఆటలు ఆడాడు, ఆ నెల గడవకముందే స్టానజొలాల్, బోల్డెనోన్ అనే రెండు స్టెరాయిడ్లతో మళ్లీ దొరికాడు, 162 ఆటలు. 2016 ఫిబ్రవరి 12న మూడోది, మళ్లీ బోల్డెనోన్. ఈ నిబంధనల కింద జీవితకాల నిషేధం పడ్డ మొదటి ఆటగాడు అతనే. పది నెలల్లో అంతా అయిపోయింది.

మొదట్లో లీగ్ తన మీద కుట్ర చేసిందన్నాడు. రెండేళ్లయ్యాక కమిషనర్ ఎదుట తప్పు ఒప్పుకున్నాడు. 2018 జులైలో నిషేధం ఎత్తేశారు, మెట్స్ వదిలేసింది, 2019లో బోస్టన్ రెడ్ సాక్స్ మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది మెట్లు) కాంట్రాక్ట్ ఇచ్చింది. మైనర్ లీగ్‌లో కూడా అతని బంతి మునుపటిలా పని చేయలేదు. మేజర్ లీగ్ మైదానంలో మళ్లీ అడుగు పెట్టలేదు. ఇందులో ఎవరికి ఏం నష్టం జరిగింది? ఒక మనిషి తనకు తెలిసిన ఒకే ఒక్క పనికోసం మళ్లీ అడిగాడు, ప్రయత్నించాడు, సరిపోలేదు. అలాంటి అవకాశాన్ని కూడా మూసేయమంటే నేను ఒప్పుకోను. 26 ఏళ్ల కుర్రాడి బతుకుతెరువును శాశ్వతంగా తీసేయాలంటే ఆ తప్పు ప్రాణం మీదికి తెచ్చేదైనా అయి ఉండాలి.

ఇక మోసపోయింది ఎవరు? లీగ్ కాదు, టికెట్ కొన్న మనమూ పెద్దగా కాదు. ఆ చోటు కోసం శుభ్రంగా కష్టపడి, అది దక్కక వెనక్కి వెళ్లినవాడు. అతని పేరు ఏ పేపర్లోనూ రాదు. 2023లో ట్రిపుల్-ఏ, అంటే మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఆడేవాడి కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అదే ఏడు మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000. మెట్టు ఒకటే, జీతం ఇరవై రెట్లు. ఎందుకు సూది పొడుచుకుంటారో ఈ రెండు అంకెలు చాలు. ఎవరి పొట్ట కొట్టారో చెప్పడానికీ అవే చాలు.

నా పనిలో దీన్ని దగ్గరగా చూశాను. ఒక స్కూల్లో టీమ్ లిస్టును లాకర్ రూమ్ తలుపుకు అంటించారు. చలికాలం మొత్తం నా దగ్గర రబ్బరు బ్యాండ్లతో భుజం కసరత్తు చేసిన ఒక కుర్రాడు వచ్చి పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ కిందినుంచి పైకి వేలు పెట్టి చదివాడు. తన చోటులో ఉన్న పేరు ఎవరిదంటే, ఒక్క చలికాలంలో మెడ, భుజాలు ఉబ్బిపోయి, వీపు నిండా మొటిమలతో తిరిగొచ్చిన పిల్లాడిది. ఆ స్కూల్లో పరీక్షల్లేవు, నా దగ్గర రుజువూ లేదు. నా అనుమానాన్ని కోచ్‌కు చెప్పాను, అంతవరకే చేయగలిగాను. లిస్టులో లేని కుర్రాడు బ్యాగ్ భుజానికేసుకుని, నాకు థ్యాంక్స్ చెప్పి మరీ వెళ్లాడు. రెండో అవకాశం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ పిల్లాడే గుర్తొస్తాడు. అతనికి ఆ ఏడు మొదటి అవకాశమే రాలేదు.

అందుకే డబ్బు దగ్గర గట్టిగా ఉండాలంటాను. 2013లో మయామీ దగ్గర ఆటగాళ్లకు నిషేధిత మందులు అమ్మిన బయోజెనెసిస్ క్లినిక్ గుట్టు బయటపడింది. డెట్రాయిట్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) జానీ పెరాల్టాకు 50 ఆటల సస్పెన్షన్ పడింది. అదే ఏడు నవంబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అతనికి నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పుడు మండిపడ్డది అభిమానులు కాదు, తోటి ఆటగాళ్లు. మోసం చేస్తే లాభమేనన్నమాట అని పిచ్చర్ బ్రాడ్ జీగ్లర్ బాహాటంగానే రాశాడు. మరుసటి వసంతంలో శిక్షలు 80, 162కి పెరిగాయంటే ఆటగాళ్ల సంఘం లోపల నుంచి వచ్చిన ఒత్తిడి కూడా కారణం. కానీ కాంట్రాక్టుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. టాటీస్‌కు 2021లో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది. 2022 ఆగస్టులో క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడు. ఆ 80 ఆటల జీతం పోయింది, మిగతా కాంట్రాక్ట్ చెక్కుచెదరలేదు.

నేనైతే ఇలా చేస్తాను. పాజిటివ్ వచ్చిన రోజునుంచి కాంట్రాక్టుకు గ్యారంటీ పోవాలి. క్లబ్బు ఉంచుకోవాలనుకుంటే ఉంచుకుంటుంది, వద్దనుకుంటే వదిలేస్తుంది. సస్పెన్షన్ కాలంలో మిగిలిన జీతం క్లబ్బు జేబులోకి పోకూడదు, మైనర్ లీగ్ ఆటగాళ్ల జీతాలకు పోవాలి. ఇప్పుడు ఆ డబ్బు మిగిలేది క్లబ్బుకే. మెట్స్ సెకండ్ బేస్‌మన్ రాబిన్సన్ కానో రెండోసారి దొరికి 2021 సీజన్ మొత్తం బయట కూర్చుంటే దాదాపు 2.4 కోట్ల డాలర్లు మిగిలాయి. ఆటగాడు మోసం చేస్తే యజమానికి పొదుపు! ఇందులో న్యాయం ఎక్కడుంది?

కానో పేరెత్తాను కాబట్టి అతని సంగతి. 2018లో అతని ఒంట్లో దొరికింది స్టెరాయిడ్ కాదు, ఫ్యూరోసెమైడ్. బీపీకి, ఒంట్లో నీరు తీయడానికి మన డాక్టర్లు కూడా రాసే మాత్రే. మూత్రం ఎక్కువై శాంపిల్ పలచబడితే స్టెరాయిడ్ ఆనవాళ్లు దొరకవని దాన్ని నిషేధించారు. క్రికెట్ చూసేవాళ్లకు షేన్ వార్న్ గుర్తుండే ఉంటాడు. 2003 ప్రపంచకప్‌కు ముందు ఆ జాతి మాత్రతోనే దొరికి ఏడాది బయట ఉన్నాడు. 491 వికెట్ల దగ్గర ఆగినవాడు 2004లో తిరిగొచ్చి 708 దాకా వెళ్లాడు. ఆ 217 వికెట్లు చూడకుండా చేసి ఉంటే క్రికెట్‌కు మేలు జరిగేదా? నేననుకోను. కానో విషయం అలా సాగలేదు. 2020లో స్టానజొలాల్‌తో దొరికాడు. ఈసారి మందు సంగతి తెలియదనడానికి దారి లేదు, 24 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఉన్నవాడికి పేదరికం కూడా సాకు కాదు. 2022లో తిరిగొచ్చాక కొద్ది ఆటలకే మెట్స్ సాగనంపింది. 2024లో మెక్సికో లీగ్‌లో .431 సగటుతో ఆడి టైటిల్ కొట్టాడు. ఆడుకోనివ్వండి. అక్కడ ఎవరి చోటునూ వందల కోట్లతో కొనలేదు.

ఈ రెండో అవకాశం నిజానికి ఎవరి చేతిలో ఉందో చూడాలంటే 2016 ఏప్రిల్‌కు వెళ్లాలి. ఆ నెలలోనే ఇద్దరికి 80 ఆటలు పడ్డాయి. ఒకరు మయామీ మార్లిన్స్ సెకండ్ బేస్‌మన్ డీ గోర్డన్. అంతకు ముందు ఏడు బ్యాటింగ్ టైటిల్ గెలిచి, జనవరిలో అయిదేళ్లకు 5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ సంతకం చేశాడు. ఇంకొకరు టొరంటో బ్లూ జేస్ ఫస్ట్ బేస్‌మన్ క్రిస్ కొలబెల్లో. మేజర్ లీగ్ క్లబ్బులేవీ చూడని ఇండిపెండెంట్ లీగ్‌లో ఏడేళ్లు ఆడి, ముప్పై దగ్గర పడుతుండగా పైకొచ్చినవాడు. 2015లో అతని బ్యాటింగ్ సగటు .321. తన ఒంట్లోకి ఆ మందు ఎలా వచ్చిందో తెలియదని మొదటి రోజునుంచీ అన్నాడు.

గోర్డన్ జులైలో తిరిగొచ్చాడు. సెప్టెంబరు 25న మార్లిన్స్ పిచ్చర్ హోసే ఫెర్నాండెజ్ పడవ ప్రమాదంలో చనిపోయాడు. మరునాడు మెట్స్‌తో ఆట. మొదటి బ్యాటర్ గోర్డన్. ఎడమచేతి వాటం వాడు, ఫెర్నాండెజ్ హెల్మెట్ పెట్టుకుని మొదటి బంతికి అతనిలాగే కుడివైపు నిలబడ్డాడు. ఆ బంతి వదిలేసి తనవైపుకి వచ్చాడు. మూడో బంతిని పై అంతస్తులోకి కొట్టాడు. ఆ సీజన్ మొత్తంలో అప్పటిదాకా అతనికి ఒక్క హోమ్ రన్ లేదు. ఏడుస్తూనే బేస్‌లు చుట్టి వచ్చాడు, డగౌట్‌లో ఒక్కొక్కరూ పట్టుకుని ఏడ్చారు. నేను మెట్స్ అభిమానిని, ఆ రోజు మా టీమ్ ఓడిపోయింది, అయినా ఆ ఆట చూడగలిగినందుకు సంతోషిస్తున్నాను. నిషేధం జీవితకాలమైతే ఆ మనిషి ఆ రోజు అక్కడ ఉండేవాడు కాదు.

కొలబెల్లో? మేజర్ లీగ్‌లో మళ్లీ ఒక్క ఆట కూడా ఆడలేదు. శిక్ష ఇద్దరికీ ఒకటే, 80 ఆటలు. తేడా ఎక్కడొచ్చిందంటే ఒకరికి కాంట్రాక్ట్ ఉంది, రెండోవాడికి లేదు. అంటే రూల్‌బుక్ ఇచ్చిన అవకాశాన్ని మార్కెట్ కొందరికే పంచుతోంది. తొలిసారి దొరికిన ఆటగాళ్లందరినీ క్షమించారని గానీ, ఎవరినీ క్షమించలేదని గానీ అనేవాళ్లకు ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఇక పశ్చాత్తాపం సంగతి. ప్రెస్ మీట్‌లో కన్నీళ్లను నేను లెక్కలోకి తీసుకోను, లాయర్లు రాసిచ్చిన క్షమాపణలు చాలా చదివాం. నేను చూసేది ఒకటే: దొరికాక ఇంకొకరి మీద బురద జల్లాడా లేదా. ర్యాన్ బ్రౌన్ 2011లో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. అతని శాంపిల్ పాజిటివ్ వస్తే, 2012 ఫిబ్రవరిలో శాంపిల్ పంపిన పద్ధతి సరిగా లేదన్న కారణంతో బయటపడ్డాడు. శనివారం సాయంత్రం కొరియర్ మూసేసి ఉందని ఆ శాంపిల్ తీసినతను ఇంట్లో పెట్టి సోమవారం పంపాడు. బ్రౌన్ మీడియా ముందు అతని మీదే అనుమానం వచ్చేలా మాట్లాడాడు. 2013లో బయోజెనెసిస్ వ్యవహారంలో నిజం ఒప్పుకుని 65 ఆటలు కూర్చున్నాడు. నా దృష్టిలో మందు కంటే శాంపిల్ తీసినతని మీద అనుమానం రేపడం పెద్ద తప్పు. తన డ్యూటీ తాను చేసిన ఉద్యోగి పేరు దేశమంతా నానేలా చేయడానికి అదనపు శిక్ష ఉండాలి, ఇప్పటికీ విడిగా అలాంటిదేమీ లేదు.

అదే బయోజెనెసిస్ వ్యవహారంలో 50 ఆటలు పడ్డ నెల్సన్ క్రూజ్ అప్పీల్‌కు పోలేదు, ఎవర్నీ తిట్టలేదు. మరుసటి ఏడు పెద్ద కాంట్రాక్ట్ రాక 80 లక్షల డాలర్లకు ఒక్క ఏడాదికి బాల్టిమోర్ వెళ్లి 40 హోమ్ రన్లు కొట్టాడు. తన ఊరికి ఫైర్ ఇంజన్, అంబులెన్స్ పంపాడు. 2021లో అతనికి రాబర్టో క్లెమెంటే అవార్డు ఇచ్చారు. ఆటతోపాటు నడవడికకూ సేవకూ ఇచ్చే అవార్డది. తక్కువ డబ్బుకు ఒక్క ఏడాది మొదలుపెట్టి మళ్లీ నిరూపించుకోవడం, నేను కోరుకునేది సరిగ్గా ఇదే.

నా వాదనకు ఎదురుగా ఉన్న బలమైన మాట కూడా చెప్పాలి. మందు మానేసినా దాని లాభం పోదేమో. 2013లో ఓస్లో యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకలకు కొన్నాళ్లు టెస్టోస్టెరాన్ ఇచ్చి ఆపేశారు. కండ తగ్గిపోయింది, కానీ కండ కణాల్లో కొత్తగా చేరిన కేంద్రకాలు మిగిలిపోయాయి. మూడు నెలల తర్వాత ఆ కండకు పని పెడితే ఆరు రోజుల్లోనే బాగా పెరిగింది, మందు ఎరుగని ఎలుకల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. మనుషుల్లో ఏళ్లతరబడి అలాగే ఉంటుందని నేను అనడం లేదు. అయితే తిరిగొచ్చినవాడు పూర్తిగా సున్నా దగ్గర్నుంచి మొదలుపెడతాడన్న నమ్మకం కూడా నాకు లేదు. అందుకే మొదటి శిక్షను 80 ఆటలనుంచి పూర్తి సీజన్‌కు పెంచాలంటాను. అవకాశం ఇవ్వడానికీ, శిక్ష గట్టిగా ఉండడానికీ వైరం లేదు.

పేద దేశాల పిల్లల గురించి వేరే లెక్క కావాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో 16 ఏళ్లకే క్లబ్బులతో సంతకాలు జరుగుతాయి. అంతకు ముందునుంచే బుస్కోన్ అనే స్థానిక ఏజెంటు పిల్లాడికి తిండి పెట్టి, శిక్షణ ఇచ్చి, వచ్చే బోనస్‌లో వాటా తీసుకుంటాడు. ఆ వయసులో ‘విటమిన్’ అని చెప్పి పొడిచింది ఏమిటో పిల్లాడికి ఏం తెలుస్తుంది? అక్కడ దొరికిన పిల్లాడిని శిక్షించి, పొడిచినవాడిని వదిలేయడం తప్పు.

గొప్ప ఆటగాళ్లకు పటం కట్టి గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి దీంతో కలపకండి. స్టెరాయిడ్ల ఆరోపణలున్న బారీ బాండ్స్ 762 హోమ్ రన్లు కొట్టినా 2022లో బేస్‌బాల్ రచయితల ఓటింగ్‌లో ఆఖరి ప్రయత్నంలో 66 శాతం ఓట్ల దగ్గర ఆగిపోయాడు, 75 కావాలి. అది గౌరవం. ఇవ్వకపోతే ఎవరి బతుకుతెరువూ పోదు. ఆడనిస్తూనే పటం కట్టకుండా ఉండవచ్చు.

ఇక మీ అబ్బాయి. జెర్సీ తీసేయమనకండి. టాటీస్ మొదట రింగ్‌వర్మ్ (తామర) మందు వల్ల వచ్చిందన్నాడు, తర్వాత నేరుగా కూర్చుని క్షమాపణ చెప్పాడు. 2023 ఏప్రిల్ 20న తిరిగొచ్చేసరికి షార్ట్‌స్టాప్ చోటు పోయింది, రైట్ ఫీల్డ్‌కు పంపారు. ప్రతి ఊళ్లో వెనకనుంచి జనం స్టెరాయిడ్స్ అని అరుస్తుంటే ఆడాడు, ఆ ఏడు మేటి ఫీల్డర్‌కు ఇచ్చే ప్లాటినమ్ గ్లవ్ గెలిచాడు. పరుగెత్తి బంతి పట్టడం నేర్చుకోవాలంటే మీవాడు అతన్నే చూడాలి. కానీ 2022 ప్లేఆఫ్స్‌లో అతని టీమ్ శాన్ డియేగో పాడ్రెస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను ఓడించినప్పుడు అతను ఎందుకు లేడో కూడా అడగండి. వాడే చెప్పనివ్వండి.

ఇంకొక్కటి, మీరు ప్రశ్న చివర్లో పైపైన రాసిన విషయం, నాకు అదే అన్నిటికంటే టెన్షన్‌గా అనిపించింది. స్నేహితుడు ఇచ్చిన ప్రీ-వర్కవుట్ పౌడర్ (కసరత్తుకు ముందు కలుపుకుని తాగేది) మీ అబ్బాయి వాడుతున్నాడన్నారు. ఈరోజే డబ్బా తీసుకుని దాని మీద ‘ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్’ ముద్ర ఉందేమో చూడండి. మేజర్ లీగ్ క్లబ్బులు తమ ఆటగాళ్లకు ఆ ముద్ర ఉన్నవే ఇస్తాయి. ముద్ర లేకపోతే పారేయండి. మూత తీసి ఉన్న డబ్బా అయితే ముద్ర ఉన్నా పారేయండి. డబ్బా ఫోటో తీసి ఇక్కడ పెడితే లేబుల్ మీద ఏముందో చూసి చెబుతాను. ఈలోగా వాడికి గుండె దడ, నిద్ర పట్టకపోవడం, వీపు మీద ఉన్నట్టుండి మొటిమలు ఉంటే నా జవాబు కోసం ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి.